నాటకము అన్నము పెట్టునా?

నిజాంపేటను ఆనుకొనియున్న బాచుపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయమున్నది. ఇటు లింగంపల్లి దాపున, నూట నలువది యేండ్లుగా నాటకమే ఇంటివృత్తిగా బ్రతుకుచున్న సురభి కుటుంబముల కాలనీ యున్నది. మరికొంత దూరము పోయిన గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయమును, అందు 1988లో నెలకొన్న సరోజినీ నాయుడు పేరిటి కళాపీఠమును, ఆ పీఠమున రంగస్థల కళలను స్నాతకోత్తర స్థాయిలో నేర్పు శాఖయు నున్నవి. నాటకవిద్యకు ఇంత చేరువలో నున్న పేట తెలుగునాట మరియొకటి కలదని నేననుకొనను. అయినను 2019లో నగరపాలక సంస్థయైన యీ నిజాంపేటలో ఏ వీథి మలుపున నిలిచి తలయెత్తినను కనబడునవి ప్రవేశపరీక్షల ర్యాంకులు ప్రకటించు ఫలకములే. ఆ ఫలకముల క్రింది వసతిగృహములలో పదునారేండ్ల పిల్లలు తెల్లవాఱకమునుపే లేచి సమీకరణములు వల్లెవేయుచుందురు. వారిలో ఎవనికైనను ఒక రాత్రివేళ, తాను రంగస్థలము మీద నిలిచి పాడవలెనను కోరిక పుట్టిన, ఆ కోరికను ఎవరితో చెప్పుకొనవలెనో వానికి తెలియదు.

అట్టి పిల్లవాడొకడు మా అపార్టుమెంటులోనే యున్నాడు. వాని తల్లి, నన్ను సొంత అన్నవలె చూచుకొను ఇల్లాలు, ఒక సాయంకాలము మా యింటికి వచ్చి కూర్చుండి, చాలసేపు ఆ మాటా యీ మాటా చెప్పిన పిమ్మట అసలు సంగతికి వచ్చినది. “అన్నయ్యగారూ, ఇంటర్ అయిపోగానే నాటకాల కోర్సులో చేరతానని పట్టుబట్టి కూర్చున్నాడు మావాడు. వాళ్ల నాన్నగారు రెండు రోజులుగా సరిగ్గా భోంచేయడం లేదు. మీరు పద్యనాటకమంటే చెవికోసుకుంటారు గదా, మీరే చెప్పండి, నాటకం అన్నం పెడుతుందా?”

ఆ తల్లి ప్రశ్నను తేలికగా తీసికొనువారు కళను ప్రేమించువారు కారని నా దృఢవిశ్వాసము. కళ కొఱకు ఆకలిని భరింపవలెనని బోధించుట సులభము. బోధించువాని కడుపు సాధారణముగా నిండియే యుండును. కనుక నేనామెకు వెంటనే బదులు చెప్పక, ముందు పిల్లవాని గొంతు వినవలెనంటిని.

మేడమీద నీళ్ళ ట్యాంకుల ప్రక్క వాడు నిలుచుండి, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగములోని రాయబార ఘట్టము నుండి ఒక పద్యమెత్తుకొనెను. గొంతు మంచిది, మోహన రాగచ్ఛాయ వానికి పట్టుబడినది, ఫోనులో పాత నటుల రికార్డులు విని విని నేర్చినాడని మొదటి ఆలాపనలోనే తెలిసినది. కాని ప్రతి పాదము చివర ఆగి, అక్షరమును సాగదీసి, ఊపిరి తీసికొని, మరల మొదలుపెట్టుచుండెను. రాగము చెవికి ఇంపుగానే యున్నది, కౌరవసభకు వచ్చిన కృష్ణుడు ఏమి యడుగుచున్నాడో మాత్రము బోధపడలేదు.

ఇచ్చట పద్యము పాడుటలోని కిటుకును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది, ఏలయన తెలుగు నాటకమునకు ప్రపంచమున మరెచ్చటను లేని ప్రత్యేకతను తెచ్చినది ఇదియే. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, 10వ అక్షరమున యతి. నాలుగు పాదములు కలిసి 80 అక్షరములు. ఈ 80 అక్షరములను, తాళపు ఆసరా లేకుండ, తబలా మిన్నకుండగా, హార్మోనియము శ్రుతిని మాత్రము పట్టియుండగా, నటుడు తన శ్వాసబలముతోనే మోసికొనిపోవలెను. కవి వాక్యము పాదాంతమున ఆగదు. ఒక పాదమున మొదలైన మాట తరువాతి పాదము నడుమ ముగియును. కావున ఛందస్సు ఒక చోట ఆగుమనును, అర్థము మరియొక చోట ఆగుమనును, రాగము ఎచ్చటను ఆగవలదనును. ఈ మూడింటికి రాజీ కుదుర్చువాడే పద్యనటుడు. మంచి నటుడు అర్థము విరిగిన చోట, వినువారికి పొడకట్టకుండ ఊపిరి తీసికొని, మాటను మాటగా పలికి, చివరి పాదము దాక దాచియుంచిన బలమును అచ్చట రాగముగా విప్పును. అప్పుడే సభలో వన్స్‌మోర్ అను కేక లేచును. మైకులు లేని దినములలో ఆరు శ్రుతిలో పాడి వేలమందికి వినిపించిన వారి గొంతులు ఈ క్రమశిక్షణచేతనే ముదిమివరకు నిలిచినవి. సంగీతజ్ఞులు కొందఱు ఈ గానమును తక్కువ చూపు చూచిరి, వారిది పొరపాటు. ఇందు రాగము అర్థమునకు దాసి, ఆ దాస్యములోనే దాని వైభవమున్నది.

“బాబూ, రాగం పక్కన పెట్టు. ఈ పద్యం మీ నాన్నగారిని ఏదో అడుగుతున్నట్టు మామూలుగా చెప్పు” అంటిని. చెప్పినాడు. చెప్పునప్పుడు వాడు సహజముగా ఎచ్చటెచ్చట ఆగెనో అచ్చటచ్చట ఊపిరి తీసికొమ్మని, మరల పాడించితిని. ఈ మారు శ్రుతి కొంచెము జారినది, సాగదీత తగ్గినది. కాని మెట్ల దగ్గఱ నిలుచుండి వినుచున్న వాని తల్లి, భారతము ఎప్పుడును శ్రద్ధగా చదివి యెఱుగనిది, గడపదాటి ముందుకు వచ్చి, “అయితే ఐదూళ్లిచ్చినా చాలన్నాడా అన్నయ్యగారూ?” అని యడిగినది. పద్యము చేరవలసిన చోటికి చేరినది.

పిల్లవానికి విద్య అబ్బునని నాకు నమ్మకము కలిగినది. ఇక మిగిలినది అన్నము సంగతి.

తెలుగు నాటకము పుట్టుకలోనే రెండు త్రోవలుగా చీలినది. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తన శిష్యులచేత ‘వ్యవహారధర్మబోధిని’ ఆడించినప్పుడు గాని, బళ్ళారిలో వకీలుగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకములోనికి పాటను పద్యమును తెచ్చి సరసవినోదినీ సభను నడిపినప్పుడు గాని, ఆ నటులు కూటికొఱకు వేషము కట్టినవారు కారు. బళ్ళారి రాఘవ అంతటివాడు పగలు న్యాయస్థానమున వాదించి రాత్రి రంగమెక్కినాడు. ఈ త్రోవ గౌరవప్రదమైనది, దీనిని తక్కువ చేయుట నా యభిమతము కాదు. రెండవ త్రోవ వృత్తినాటకము. బెజవాడ మైలవరం కంపెనీ వంటి సమాజములు నటునకు జీతమిచ్చి, గాయకుని పోషించి, టిక్కెట్టు మీద బ్రతికినవి. ఆ పిమ్మట కాంట్రాక్టు నాటకములు వచ్చినవి. శివరాత్రికో శ్రీరామనవమికో ఊరివారు చందాలు వేసికొని, పేరుమోసిన నటులను తలకొక ఘట్టమునకు పిలిపింతురు; ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని వేర్వేరు నటులు ఒకే పాత్రను పంచుకొందురు. ముందెన్నడును కలిసి సాధన చేయనివారు కూడ నేరుగా వేదిక మీద కలిసికొని తెల్లవాఱునంతవరకు నాటకము నడపుదురు, ఏలయన పాఠము అందఱకును కంఠగతమే. స్థానం నరసింహారావు స్త్రీపాత్రలను, ఈలపాట రఘురామయ్య కృష్ణుని, పీసపాటి నరసింహమూర్తి రాయబారమును కండ్లకు కట్టించిన కాలమది. స్థానమువారికి 1956లో పద్మశ్రీ బిరుదమిచ్చి దేశము గౌరవించినది.

కాని నాటకము అన్నము పెట్టునా యను ప్రశ్నకు మాటలతో గాక బ్రతికి చూపి సమాధానము చెప్పినవారు సురభివారు. 1885లో కడప మండలమున సురభి యను గ్రామములో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించినది మొదలు, ఆ కుటుంబము శాఖోపశాఖలై, ఒక దశలో ముప్పదికి పైబడిన సమాజములుగా తెలుగుదేశమంతట తిరిగినది. తక్కిన రంగస్థలమున పురుషులే స్త్రీవేషములు కట్టుచున్న దినములలో వారి యాడపడుచులు ఆడుపాత్రలు ధరించిరి. ఊరి వెలుపల రేకుల హాలు వేసికొని, నెలల తరబడి అచ్చటనే కాపురముండి, రాత్రికొక నాటకము చొప్పున ఆడిరి. టిక్కెట్లమ్మువాడే తెరలాగును, తెరలాగువాడే మూడవ అంకములో మంత్రియగును. బిడ్డ నడక నేర్చుటతోడనే లోహితాస్యుడగును, గొంతు తిరిగిన ప్రహ్లాదుడగును, మీసము వచ్చిన నారదుడగును, వయసు మీఱిన హిరణ్యకశిపుడగును. 1932లో మొదటి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ తీయవలసి వచ్చినప్పుడు హెచ్.ఎం. రెడ్డికి నటీనటులు దొరికినదిచ్చటనే. అందు లీలావతి వేసిన సురభి కమలాబాయి ఈ కుటుంబపు బిడ్డ. ఆ టాకీయే తరువాత వారి రేకుల హాళ్ళను ఒక్కొక్కటిగా ఖాళీ చేయించినది.

అయినను వారు చెదరలేదు. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ఈనాటికిని ‘మాయాబజారు’ ఆడుచున్నది; ఘటోత్కచుడు భోజనమునకు కూర్చున్నప్పుడు పాత్రలు తమంత తామే కదలి వచ్చుచుండగా, చలనచిత్రములందు ఎంతటి మాయలనో చూచిన మా పేట పిల్లలు నోరు తెఱచి కూర్చుండుట నేనెఱుగుదును. జాతీయ నాటక పాఠశాలను నడిపిన బి.వి. కారంత్ అంతటి దర్శకుడు వీరి చెంతకు వచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకమునకు తెలుగు రూపమైన ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించినాడు. ఆ మండలిని నడిపించిన నాగేశ్వరరావుగారికి, సురభి బాబ్జీగా లోకమెఱిగినవారికి, 2013లో పద్మశ్రీ వచ్చినది. 2022లో వారు కన్నుమూసినారు. మా పేటనుండి లింగంపల్లి మీదుగా ఆఫీసులకు పోవు వేలాది ఉద్యోగులకు ఆ కాలనీ దాటిపోవుచున్నామను సంగతియైన తెలియదు.

సురభివారి వలన నేను గ్రహించినది ఒక్కటి. వారిలో ప్రతి బిడ్డయు పుట్టుగాయకుడు కాడు. సామాన్యమైన గొంతులును, సామాన్యమైన రూపములును వారిలో ఉన్నవి. వారిని నటులుగా చేసినది ప్రతిరాత్రి రంగస్థలము. నేడు హాస్యము పండకున్న రేపు పండించుకొనవచ్చును. నేడు పద్యమున ఊపిరి చాలకున్న రేపు సరిచేసికొనవచ్చును. తక్కిన మనకు ఆ ‘రేపు’ లేదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలు నంది నాటకోత్సవముల వరకు పోటీలు తెలుగు నాటకమును బ్రతికించిన మాట నిజమే, అందులకు కృతజ్ఞుడను. కాని నెలలు శ్రమించి సిద్ధపఱచిన నాటకము న్యాయనిర్ణేతల ముందు ఒకమారు, బహుమతి వచ్చిన మరియొకమారు ఆడి మూలపడుచున్నది. అట్టి రంగస్థలము మీద నటుడు ఉద్యోగము చేసికొని మిగిలిన సాయంకాలములతో తృప్తిపడవలసినదే.

ఇతరులెట్లు నిలుపుకొనిరో చూడుడు. 1880లోనే పుణెలో అణ్ణాసాహెబు కిర్లోస్కరు ‘సంగీత శాకుంతలము’తో మొదలుపెట్టిన మరాఠీ సంగీతనాటకము బాలగంధర్వుని చేతిలో మహోన్నతి నందినది, ఆ మహానటుని పేర పుణెలో కట్టిన రంగమందిరమున మరాఠీ కుటుంబములు నేటికిని టిక్కెట్టు కొని నాటకము చూచును. న్యూయార్కులో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ యను ఒక్క సంగీతనాటకము ఒకే థియేటరులో 1988 నుండి 2023 వరకు 13,981 మారులు ప్రదర్శింపబడినది. వారమునకు ఎనిమిది ఆటలు. ఆ ముప్పదియైదేండ్లలో ఎందఱు గాయకులు, వాద్యకారులు, దర్జీలు, దీపములవారు ఆ ఒక్క నాటకము మీద సంసారములీడ్చిరో తలచుకొనుడు. వారి ప్రేక్షకులకు కళాభిమానము మనకంటె హెచ్చని నేనొప్పుకొనను. మన గ్రామములలో నేటికిని హరిశ్చంద్రుని కాటిసీను వినుటకు చలిలో తెల్లవాఱువరకు కూర్చుండువారున్నారు. తెలంగాణపు చిందు యక్షగానమును తరతరములుగా మోసినవారిలో ఒకరైన గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినదన్న, ఊళ్ళలో ఆ యాటను చూచువారు నేటికిని మిగిలియుండుటచేతనే గదా. కొఱత యంతయు నగరములో ఉన్నది. నాటకమునకు వెలయిచ్చు అలవాటు ఇచ్చటివారికి తప్పినది.

ఆ తల్లికి చివరకు నేను చెప్పినదిది. “అమ్మా, ఇప్పుడున్న పరిస్థితిలో ఒక్క నాటకమే వాడికి అన్నం పెట్టకపోవచ్చు. చదువుకోనివ్వండి, డిగ్రీ చేస్తూ హార్మోనియం, తెలుగు ఛందస్సు నేర్చుకోమనండి. విశ్వవిద్యాలయంలో రంగస్థలం చదివినవాళ్లు బళ్లలో పిల్లలకు నాటకం నేర్పుతున్నారు, డబ్బింగు చెబుతున్నారు, సినిమాల్లో వేస్తున్నారు. వీటిలో ఏదో ఒకటి ఇల్లు గడుపుతుంది. కాని వాడిని పద్యం మాత్రం మానవద్దనండి.” పిల్లవానితో వేరుగా మరియొక మాట చెప్పితిని: దినమునకు ఒక గంట గొంతు సాధన, ఒక గంట భారత పఠనము, ఆదివారము తప్పక ఎవరో ఒకరి నాటకము. నటుడు కాదలచినవాడు ఇతరుల నాటకములకు పోకుండుట నేను క్షమింపలేని లోపము.

పాఠకులకు చెప్పవలసినది కూడ దాదాపు ఇదియే. నిజాంపేట క్రాస్‌రోడ్డు దగ్గఱ జేఎన్‌టీయూ స్టేషనులో మెట్రో ఎక్కిన, బండి మారకుండనే లక్డీకాపూల్‌లో దిగవచ్చును. అచ్చటినుండి 1961లో తెఱచిన రవీంద్రభారతి నడకదూరము, కొంచెము ముందుకు పోయిన పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణము. నెలకొక నాటకమునకు పొండు. టిక్కెట్టు పెట్టినచోట పాసు అడుగక కొనుడు. పిల్లలను వెంటబెట్టుకొని పొండు, ఫోనులు కట్టివేసి ముందు వరుసలలో కూర్చుండుడు, పద్యము మనసుకు తాకిన సంకోచింపక వన్స్‌మోర్ అనుడు.