రేపటి జనాన్ని ఈరోజే లెక్కగట్టడం

రాబోయే ఇరవై ముప్పై ఏళ్లలో ఒక సమాజం ఎలా ఉంటుందో చెప్పడానికి ఉన్న ఆధారాల్లో గట్టిది వయసుల పట్టిక. 2046లో అరవై నిండేవాళ్లంతా 1986లోనే పుట్టారు. వాళ్లలో ఎంతమంది ఆ వయసు దాకా ఉంటారో మరణాల రేటును బట్టి చాలావరకు లెక్కకు అందుతుంది.

లెక్క చేసే తీరు సులువైనదే. జనాన్ని స్త్రీ పురుషులుగా, అయిదేళ్లకో వర్గంగా విడదీస్తారు. 2011 జనగణనలో 20–24 ఏళ్ల వర్గంలో ఉన్న స్త్రీలు 2016లో 25–29 వర్గంలోకి, 2026లో 35–39 వర్గంలోకి వస్తారు. ప్రతి మెట్టులోనూ చనిపోయేవాళ్లను, వలస వెళ్లేవాళ్లను తీసివేసి, బయటి నుంచి వచ్చేవాళ్లను కలుపుతారు. కాన్పు వయసు స్త్రీల సంఖ్యను బట్టి కొత్తగా పుట్టే పిల్లలను అడుగు వరుసలో చేరుస్తారు. ఎడ్విన్ కానన్ అనే ఆర్థికవేత్త 1895లోనే ఇంగ్లండ్, వేల్స్ జనాభాను ఈ పద్ధతిలో అంచనా కట్టాడు.

ఈ లెక్కలోని మూడు అంశాల్లో మరణాలు ఎక్కువగా అంచనాకు లొంగుతాయి, జననాలు అంతగా లొంగవు. అన్నిటికంటే కష్టం వలస. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల సంఖ్య అక్కడి పనుల మీద, అమెరికా వెళ్లే విద్యార్థుల సంఖ్య వీసా నిబంధనల మీద ఆధారపడతాయి. వాటిని పదేళ్ల ముందు ఎవరూ చెప్పలేరు. అందుకే మంచి అంచనా ఒకే అంకెతో ఆగదు. ఇలా జరిగితే ఇంత, అలా జరిగితే అంత అని రెండు మూడు దారులు చూపిస్తుంది.

నేటి వేగమే రేపూ సాగుతుందనుకోవడం ఈ పనిలో పెద్ద ప్రమాదం. పాల్ ఎర్లిక్ అనే జీవశాస్త్రవేత్త 1968లో రాసిన పుస్తకంలో, 1970లలో కోట్లమంది ఆకలితో చనిపోతారని హెచ్చరించాడు. పంట దిగుబడులు పెరిగాయి, కాన్పులు తగ్గాయి, ఆ జోస్యం తప్పింది.

తెలుగు నేల మీద మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 1992–93లో 2.6. 2019–21 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగింది. తరం తరానికి జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. 2005–06 సర్వేలోనే ఉమ్మడి రాష్ట్ర సగటు 1.8 అని తేలింది. అయినా ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1990ల నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో గానీ తొలగించలేదు. అంకెలు చేతిలో ఉన్నా ముందుచూపు లేకపోతే చట్టం కాలానికి ఎంత వెనకబడుతుందో ఇది చూపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 2021లో 12.4 శాతం, 2031లో 16.4 శాతం ఉంటారని కేంద్ర ప్రభుత్వ అంచనా. అంటే ఆరుగురిలో ఒకరు. పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉంటే బీపీ, షుగర్ మందులు తెచ్చిచ్చేదెవరు, రాత్రివేళ ఆస్పత్రికి తీసుకెళ్లేదెవరు అన్న ప్రశ్న ఇంటింటికీ వస్తుంది. ఇప్పటిదాకా ఆ భారం కోడళ్లు, కూతుళ్లు మోశారు. పంచాయతీలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు అందులో వాటా తీసుకోవడానికి ఇప్పటి నుంచే సిద్ధపడాలి.

ఈ జనాభా అంచనాలకు పునాది 2011 జనగణనే. 2027కు నిర్ణయించిన జనగణన కొత్త పునాది వేయాలి. కానీ వయసు అడిగితే చాలామంది ‘యాభై ఉంటాయి’, ‘అరవై అనుకో’ అని చెబుతారు. దాంతో సున్నా, అయిదుతో ముగిసే వయసుల దగ్గర జనం గుట్టపడతారు. ఆ వంకర సరిచేశాకే అంచనా మొదలవుతుంది. ఎన్యూమరేటర్ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఇంట్లో ప్రతి ఒక్కరి వయసూ కాగితం చూసి సరిగ్గా చెప్పండి. రేపటి బడి, ఆస్పత్రి, పింఛను ఆ అంకె మీదే నిలబడతాయి.