తల్లి నేర్చిన తెలుగు, బిడ్డకు కూడని తెలుగు: ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’లో ప్రవాస శిశుపోషణ

ఉపోద్ఘాతం

ఉష్ణదేశాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన ఐరోపా కుటుంబాలు తమ పిల్లలను ఎలా పెంచాయన్న ప్రశ్నను ఇంతవరకు ఎక్కువగా చరిత్రకారులే పరిశీలించారు. బ్రిటిష్ ఇండియా కుటుంబాలపై ఎలిజబెత్ బ్యూట్‌నర్ 2004లో ప్రకటించిన గ్రంథం, డచ్చి వలస ఇండోనేషియాలోని పిల్లల గదిని రాజ్యాధికారంతో ముడిపెట్టి చూపిన ఆన్ లారా స్టోలర్ పరిశోధన ఇందుకు ఉదాహరణలు. ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన పార్శ్వం ఒకటి ఉంది. ఆ పిల్లలలో కొందరు తెలుగు మాటల మధ్య పెరిగారు. రాజమహేంద్రవరంలో కాపురముండి, 1836–1839 మధ్య ఇంగ్లండులోని తల్లికీ, ఆప్తులకూ లేఖలు రాసిన జూలియా షార్లెట్ మెయిట్‌లండ్ (1808–1864) రచనను ఆ పార్శ్వం నుండి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

రచయిత్రి, రచన

జూలియా నవలాకారిణి ఫానీ బర్నీకి వరుసకు మనుమరాలు. తల్లి షార్లెట్ బారెట్ ఫానీ బర్నీ దినచర్యలకు సంపాదకురాలు. అంటే స్వానుభవాన్ని అక్షరాలలో పెట్టడం ఆ ఇంటి స్త్రీలకు అలవాటైన విద్య. జూలియా మొదటి భర్త జేమ్స్ థామస్ కంపెనీ ప్రభుత్వంలో న్యాయాధికారి. ఆయన 1840లో మరణించాడు. 1843లో లండన్‌లో వెలువడిన ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ ముఖపత్రం మీద రచయిత్రి పేరు లేదు. ‘ఒక స్త్రీ’ అని మాత్రమే ఉంది.

తోటి ఆంగ్లేయుల పట్ల ఈ లేఖలు చూపే వ్యంగ్యం ప్రసిద్ధం. ఈ దేశపు మనుషుల గురించి తనకేమీ తెలియదనీ, తెలియకపోవడమే మేలనీ గొప్పగా చెప్పుకొన్న ఒక దొరసానిని ఆమె పాఠకుల ముందు నవ్వులపాలు చేస్తుంది. తాను మాత్రం మున్షీని పెట్టుకొని, ఆనాడు ఆంగ్లేయులు ‘జెంటూ’ అని పిలిచిన తెలుగును నేర్చుకోవడానికి పూనుకొంది. దంపతులిద్దరూ రాజమహేంద్రవరంలో స్థానిక బాలురకు బడి పెట్టారు. కనుక ఆమెను సంకుచిత మనస్కురాలిగా కొట్టివేయడానికి వీలులేదు. ఈ విశ్లేషణకు ఆమె ఉదారతే ఆధారం.

వాతావరణమా, భాషా?

జూలియా కూతురు భారతదేశంలోనే పుట్టింది. బిడ్డ పెంపకాన్ని గురించి ఒక లేఖలో ఆమె తన నిశ్చయాన్ని దాపరికం లేకుండా చెబుతుంది. దేశభాషలు బిడ్డకు రాకుండా సాధ్యమైనంత వరకు చూస్తుందట. ఆంగ్లేయుల పిల్లలు చాలామంది ఆ భాషలతోపాటు నానా దుర్గుణాలనూ పట్టుకొని చిన్న చిన్న హిందువులలా తయారవుతున్నారట. ఈ దేశంలో ఎక్కువకాలం ఉండవలసి వస్తే ఇంగ్లండు నుండి దాదిని పిలిపించుకోవలసిందే. అంతవరకూ రాకముందే బిడ్డను స్వదేశం చేరుస్తుంది కాబట్టి, ఈలోగా వీలైనంతవరకు తన దగ్గరే ఉంచుకొంటుంది.

పిల్లలను స్వదేశం పంపడానికి ఆనాటి ఆంగ్ల కుటుంబాలు సాధారణంగా చెప్పిన కారణం ఎండ, జ్వరాలు. అది వట్టి సాకు కాదు. ఆ కాలపు శిశుమరణాల భయం నిజమైనదే. కాని పై నిశ్చయంలో ఎండ ప్రసక్తి లేదు, జ్వర ప్రసక్తి లేదు. తల్లి కాపలా కాస్తున్నది బిడ్డ ఒంటిని కాదు, నోటిని. వాతావరణాన్ని గూర్చిన వైద్యభాష చాటున సంస్కారాన్ని గూర్చిన భయం పనిచేస్తున్నదని చరిత్రకారులు చేసే వాదానికి ఈ లేఖ బలమైన సాక్ష్యం.

నేర్చిన భాష, అబ్బిన భాష

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగు తల్లికి యోగ్యమై బిడ్డకు హానికరం ఎలా అయింది? భాష ఒకటే. మారినది అది వచ్చే దారి. తల్లికి తెలుగు ‘నేర్చిన’ భాష. మున్షీ జీతగాడు. పాఠం ఎప్పుడు మొదలు కావాలో, ఎప్పుడు ఆగాలో ఆమె చేతిలో ఉంది. బిడ్డకు తెలుగు ‘అబ్బే’ భాష. అది ఆయా ఒడిలో, జోలపాటలో, గోరుముద్దల వేళ, ఎవరి అనుమతీ లేకుండా వస్తుంది. నేర్చిన భాషకు నేర్చినవారు యజమానులు. అబ్బిన భాష మనిషిని తనదిగా చేసుకొంటుంది. వలసపాలన మొదటిదాన్ని ప్రోత్సహించి, రెండవదాన్ని శంకించింది.

దీన్ని మరొక జీవితంతో సరిచూడవచ్చు. సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టిన ఆంగ్ల శిశువు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దగ్గర బాల్యంలోనే పలు భాషలు చదివాడు. 1812లో తండ్రి మరణానంతరం ఇంగ్లండు చేరి, 1817లో మద్రాసుకు తిరిగివచ్చాడు. మన సాహిత్య చరిత్ర గౌరవించే బ్రౌన్ తెలుగు పండితుల సహాయంతో నేర్చిన తెలుగు, నిఘంటువుగా రూపుదిద్దుకొన్న తెలుగు. భాషల మధ్య గడిచిన ఆ బాల్యం ఎవరినీ భయపెట్టినట్లు లేదు. ఆ విద్య తండ్రి అదుపులో సాగింది.

రడ్యార్డ్ కిప్లింగ్ (1865–1936) కథలు ఇదే విభజనను మరో కొస నుండి చూపుతాయి. 1888లో సంపుటిగా వచ్చిన ‘ప్లెయిన్ టేల్స్ ఫ్రమ్ ది హిల్స్’లోని ‘టాడ్స్ అమెండ్‌మెంట్’ కథలో సిమ్లాలోని ఒక బాలుడు బజారు మనుషుల నోట విన్న మాటలను విందులో న్యాయసభ్యుని ముందు వల్లిస్తాడు. దానితో ఒక భూచట్టం ముసాయిదా మారుతుంది. జూలియా భయపడిన అబ్బిన భాషే ఇక్కడ పాలనకు ఉపయోగపడింది. అయితే అదే సంవత్సరం వచ్చిన ‘బా బా బ్లాక్ షీప్’లో ఆ ఉపయోగం కోసం పిల్లవాడు చెల్లించే మూల్యం కనిపిస్తుంది. పులిగా మారిన రాణి కథ చెప్పమని నౌకర్లను మారాం చేసిన బొంబాయి బాలుడు ఇంగ్లండులో పరాయి ఇంట అనాథలా మిగులుతాడు. కిప్లింగ్ స్వయంగా 1871లో చెల్లెలితో కలిసి సౌత్‌సీలో అలా విడిచిపెట్టబడినవాడే.

మాట లేని మనిషి

ఈ రచనలన్నిటిలోనూ ఆయా ఉంది, ఆయా మాట లేదు. జూలియా లేఖల్లో ఆమె ఒక ఏర్పాటు, ఒక ప్రమాదం. కిప్లింగ్‌లో ఒక జ్ఞాపకం. బిడ్డకు తెలుగు రాకూడదన్న నియమాన్ని ఆమె ఎలా అర్థం చేసుకొని ఉంటుంది? ఎత్తుకోవచ్చు, స్నానం చేయించవచ్చు, నిద్రపుచ్చవచ్చు; పలకరింపు మాత్రం కూడదు. తన చేతులను నమ్మి నాలుకను నమ్మని ఇల్లది. ఓడలలో పిల్లల వెంట ఇంగ్లండు వెళ్లి, అక్కడ పని ముగియగానే దిక్కులేనివారైన ఆయాల కోసం లండన్‌లో వసతిగృహమే నడిచింది. హాక్నీలోని ఆ భవనానికి 2022లో స్మారక ఫలకం అమర్చారు. ఆ స్త్రీలు చెప్పిన కథల్లో తెలుగు కథలు ఎన్నో ఉండి ఉండవచ్చు. అవి విన్న పిల్లలు వాటిని మరచిపోవడమే పెంపకంగా భావింపబడింది. మౌఖిక సాహిత్య పరిశోధనలో ఈ నష్టాన్ని కూడా ఒక అంశంగా గుర్తించవలసి ఉంది.

ముగింపు

జూలియా పక్షాన ఒక మాట చెప్పవచ్చు: పరాయి దేశంలో బిడ్డ తనకు కాకుండా పోతుందేమోనన్న బెంగ ఏ తల్లికైనా సహజం. ఈ మాటను తోసిపుచ్చనక్కరలేదు. నేడు సింగపూరులోనో, గల్ఫు దేశాలలోనో పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకూ ఆ బెంగ తెలుసు. కాని పోలిక అక్కడితో ఆగాలి. వలసవెళ్లిన తెలుగువారికి ఆ దేశాల మీద అధికారం లేదు. వారి భయం సొంత భాష జారిపోతుందని. జూలియా భయం ఎదుటివారి భాష అంటుకొంటుందని. మొదటిది నష్టభయం, రెండవది మైలభయం.

అయినా ప్రవాస కథలను చదివేటప్పుడు ఈ లేఖలు మనకొక ప్రశ్నను అందిస్తాయి. పిల్లలకు తెలుగు నిలపాలని ఆరాటపడే ఇంట్లో, వంటగదిలోని పరాయి పనిమనిషి భాష పట్ల చూపు ఎలా ఉంది? ఆమె నోట బిడ్డకు అబ్బిన మాటను కథ సంతోషంగా చెబుతుందా, సరిదిద్దుతుందా? రాజమహేంద్రవరంలో తెలుగు నేర్చిన ఒక మంచి మనసు కూడా ఈ పరీక్షలో ఎక్కడ ఆగిపోయిందో చూశాం. మన రచనలను అదే పరీక్షకు నిలపడం ప్రవాస సాహిత్య విమర్శ చేపట్టవలసిన పని.