రాక్షసి ఎవరి మాట?

జాన్ స్టెయిన్‌బెక్ నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939) గురించి రాసేవాళ్ళు తరచుగా ఎత్తిచూపే పోలిక ఒకటి వుంది. బ్యాంకు ఒక రాక్షసి. లాభమే దాని ఊపిరి, వడ్డీయే దాని తిండి, పెరగకపోతే చస్తుంది. పెట్టుబడిదారీ వ్యవస్థను ఎంత బలంగా రూపుకట్టించాడో చూడండని మెచ్చుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే మెచ్చుకున్నాను. ఇంతకూ నవలలో ఆ మాట ఎవరు అంటున్నారు?

ఐదో అధ్యాయం తీసి చూడండి. అంటున్నది రైతు కాదు. ఓక్లహోమా కౌలుదార్లను భూమి ఖాళీ చేయించడానికి కార్లలో వచ్చిన యజమానుల మనుషులు. వాళ్ళలో కొందరు జాలిగుండె వాళ్ళే, చేస్తున్న పని వాళ్ళకే రోత. ‘మేం కాదు, అది’ అని తప్పుకోవడానికి వాళ్ళకొక రాక్షసి కావాలి. అంటే ఇక్కడ రూపకం సత్యాన్ని బయటపెట్టడం లేదు, బాధ్యతను దాచిపెడుతున్నది. మన ఆలంకారికులు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం అని ఎంతో సూక్ష్మంగా విడదీశారు. పోలిక వల్ల లాభపడేది ఎవరన్న ప్రశ్న వాళ్ళకు అవసరం లేకపోయింది. మనకు అవసరం.

స్టెయిన్‌బెక్ ఆ ముసుగును అలా వుండనివ్వలేదు. అదే అధ్యాయంలో ట్రాక్టరుతో ఇంటిమీదికి వచ్చినవాడు తెలిసినవాళ్ళ కుర్రాడే. రోజుకు మూడు డాలర్ల కూలి. ఎవర్ని కాల్చాలో చెప్పమంటాడు కౌలుదారు. డ్రైవరు పైవాడిని చూపిస్తాడు, ఆ పైన బ్యాంకు, బ్యాంకుకు తూర్పు నుంచి వచ్చే ఆజ్ఞలు. తుపాకికి గురి దొరకదు. అప్పుడు ఆ రైతు అనుకునే మాట నాకు నవల మొత్తంలో కీలకంగా కనిపిస్తుంది: ఇది పిడుగు కాదు, భూకంపం కాదు, మనుషులు చేసిన చెడు, కనుక మార్చగలం. ప్రకృతితో పోల్చుకోవడానికి ఒప్పుకోకపోవడమే అక్కడ చైతన్యం.

అయితే రచయిత అన్నిచోట్లా ఇంత మెలకువగా లేడు. ట్రాక్టర్లను పురుగుల్లా పాకించినప్పుడు, విత్తే యంత్రం నేలను చెరుస్తున్నదని తానే వర్ణించినప్పుడు, కోపం యజమాని మీదనుంచి ఇనుము మీదికి మళ్ళుతుంది. పద్నాలుగో అధ్యాయంలో, ట్రాక్టరు మనదైతే (నాది కాదు, మనది) మంచిదేనని సర్దిచెప్తాడు. సిద్ధాంతం సరైనదే. కాని పాఠకుడికి పురుగే గుర్తుండిపోతుంది.

ద్రాక్ష సంగతి వేరు. మొదట అది పోలికే కాదు, వట్టి పండు. కాలిఫోర్నియా చేరి ద్రాక్షగుత్తి మొహానికి పిండుకుని, రసం గడ్డం మీదుగా కారనిస్తానని జోడ్ కుటుంబపు తాత ఉబలాటపడతాడు. మొదటి మజిలీలోనే చనిపోతాడు. ఇరవై అయిదో అధ్యాయానికి వచ్చేసరికి, ధర పడిపోకుండా నారింజల మీద కిరసనాయిలు చల్లుతున్నారు, బంగాళాదుంపలు నదిలో పారబోసి, ఎవరూ ఏరుకోకుండా కాపలా పెడుతున్నారు. ఇదంతా కళ్ళముందు జరిగాకే జనం గుండెల్లో ఆగ్రహపు ద్రాక్ష బరువెక్కుతుంది. శీర్షిక జూలియా వార్డ్ హో రాసిన పాటలోది, దానికి మూలం బైబిలు. కాని నవలలో ఆ మాటకు బలం బైబిలు నుంచి రాలేదు, కిరసనాయిలు నుంచి వచ్చింది.

మన కథల్లో ‘కరువు రాక్షసి’ ఎన్నిసార్లు నోరు తెరిచిందో లెక్కలేదు. అది నోరు తెరవగానే షావుకారు, ప్రోనోటు, నకిలీ విత్తనం అమ్మినవాడు, అందరూ దాని కడుపులోకి జారుకుంటారు. ఈమధ్య ఒక యువ మిత్రుడు కథ రాతప్రతి చూడమని ఇచ్చాడు. చెయ్యి తిరిగినవాడే. మూడో పేజీలో కరువు రాక్షసి రైతు రెండెకరాలూ మింగేసింది. ఆ వాక్యం కింద గీత గీసి, ‘రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద జరిగింది?’ అని పెన్సిలుతో రాసి తిరిగి ఇచ్చాను.