నాటకం అమ్ముదామా, భోజనం అమ్ముదామా?

ఈ దేశంలో మన నాటక సమాజాలు వేసే కరపత్రాలు చూస్తే, అమ్ముతున్నది నాటకాన్నా, భోజనాన్నా అన్న అనుమానం మాకు తరచు కలుగుతుంది. పైన ముఖ్య అతిథి ఫొటో, మధ్యన గుత్తివంకాయ, పులిహోర, అడుగున చిన్నక్షరాల్లో నాటకం పేరు. రాసినవారి పేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ప్రచారం వద్దని మేమనటం లేదు. హాలు, లైట్లు, మేకప్పు ఎవరూ ఊరికే ఇవ్వరు. 1885లో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలు తరతరాలుగా టిక్కెట్టు మీదే బతికాయి. మాయాబజారులో వాళ్ళు చూపించే మాయలకు జనం విరగబడేవారు. అయితే ఆ మాయలు కథలోవే. వాటికోసం వచ్చినవాడు నాటకం చూసే ఇంటికి వెళ్ళాడు. పద్యనాటకాల కంట్రాక్టర్లు వేరే దారి తొక్కారు. నటుడి పేరు అమ్మారు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగారు. రాగాలు మిగిలాయి, పాత్ర పోయింది. సినిమావారిని పిలిపించి, వారి పేరు మీద నాటకానికి జనాన్ని చేర్చే మన పద్ధతి దీనికి తమ్ముడే.

అన్నిటికన్నా మమ్మల్ని బాధించేది కన్యాశుల్కాన్ని కడుపుబ్బ నవ్వించే హాస్యనాటికగా ప్రకటించటం. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకాన్ని గురజాడ 1909 నాటికి ఎంతో పెంచి రాశారు. గంటన్నరలో ఆడాలంటే కత్తెర తప్పదు, ఒప్పుకుంటాం. కాని ఏది కొయ్యాలో కరపత్రం నిర్ణయిస్తే గిరీశం కోతలు మిగులుతాయి. బుచ్చమ్మ వైధవ్యం, సుబ్బిని ముసలివాడికి అమ్మే బేరం పోతాయి. జబ్బు తీయబోయి గుండె తీసినట్టే! పక్కన కూర్చున్న పిల్ల "కన్యాశుల్కం అంటే ఏమిటి?" అనడిగితే, రంగస్థలం మీద జవాబు దొరకదు.

చెయ్యవలసింది కష్టమేమీ కాదు. ఐదువందల కుర్చీల ఆడిటోరియం సగం ఖాళీగా ఉంచే బదులు, వంద కుర్చీల హాలులో రెండు రోజులు ఆడండి. మొదటిరోజు చూసినవారే రెండోరోజుకు ప్రచారం చేస్తారు. టిక్కెట్టు తక్కువే పెట్టండి, కాని పెట్టండి. ఉచితమైతే భోజనం వేళకు వచ్చేవారే ఎక్కువ. భోజనానికి టిక్కెట్టు విడిగా ఉంచండి. పిల్లలకు ఇంగ్లీషులో అరపేజీ కథాసారం ఇవ్వండి. కరపత్రంలో రచయిత పేరు పైన వెయ్యండి.

శని, ఆదివారాలు మానుకుని, ఎవరింటి బేస్‌మెంటులోనో మూడు నెలలు రిహార్సళ్ళు చేసినవారు పులిహోరకు ముందు కాలక్షేపంగా మిగిలిపోతే, వచ్చే ఏడు వేషం కట్టటానికి ఎవరు ముందుకొస్తారు?