ఐదు ఓట్ల ఆధిక్యము

మహానగరముల నడిబొడ్డున, నాలుగు భాషలవారును నాలుగు మతములవారును ఒకే మురుగుకాలువకు ఇరువైపుల ఆనుకొని జీవించు ఇరుకు పేటలనుండి చట్టసభకు ఎన్నికై పోవు మనుష్యుని పనిని గూర్చి మన పత్రికలలో వెలువడునది మిక్కిలి తక్కువ. వ్రాసినంతమట్టుకు అతని పార్టీని గూర్చియు, కులమును గూర్చియు, గెలుపోటముల అంకెలను గూర్చియు వ్రాయుదురే కాని, ఆ పనికిని ఒక విద్య కలదనియు, ఆ విద్య నేర్చినవాడును నేర్వనివాడును ఒకే తీరున తెల్లబట్టలు ధరించి తిరుగుచుండుటచేత చూపరులకు భేదము తెలియకున్నదనియు తలపోసి వ్రాయువారు అరుదు. ఈ వారము ఆ విద్యను గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచి, నిదర్శనమునకు మన రాజధానిని విడిచి లండను నగరమును ఎన్నుకొంటిని. ఏలయనగా ఆ విద్యకు మిక్కిలి కఠినమైన పరీక్ష అక్కడ జరిగినది, ఆ పరీక్షకు కూర్చున్నవారు మనవారు.

1886లో హోబర్న్ నియోజకవర్గమున లిబరల్ అభ్యర్థిగా నిలిచి ఓడిపోయిన దాదాభాయి నౌరోజీని మనస్సునందుంచుకొని, రెండేండ్ల పిమ్మట ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు ఎడింబరోలో ప్రసంగించుచు, మానవజాతి ఎంత ముందుకు సాగినను బ్రిటిషు నియోజకవర్గమేదియు ఒక నల్లవానిని ఎన్నుకొను దశకు ఇంకను రాలేదని పరిహసించెను. ఆ పరిహాసమువలన దాదాభాయికి కలిగిన నష్టమేమియు లేదు. అంతవరకు ఆయన పేరు విననివారెల్లరును వినిరి. తెలుపునకు వచ్చినచో ప్రధానమంత్రికన్న నౌరోజీయే ఒక పాలు ఎక్కువ యని పత్రికలు ఛలోక్తులు విసరినవి. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గము సాలిస్‌బరీ ప్రభువునకు జవాబు చెప్పెను. పోలైన ఓట్లు ఆరువేలకు లోపే. ఆధిక్యము మొదట మూడని ప్రకటించిరి, మరల లెక్కింపగా ఐదని తేలినది. నౌరోజీ పేరును కొంచెము వంచి ‘నారో మెజారిటీ’ యని నవ్వుకొనినవారును ఉండిరి. అంతకన్న సన్నని ఆధిక్యమును ఊహించుట కష్టమే గదా!

ఫిన్స్‌బరీ ఎట్టి పేట? క్లార్కెన్‌వెల్ దాని గుండెకాయ. అక్కడ గడియారములు చేయువారు, నగలు చెక్కువారు, అచ్చుకూటములలో అక్షరములు కూర్చువారు కాపురముండిరి. ఒక మూల ఇటలీనుండి వచ్చిన బీదజనులు కుదురుకొని యుండిరి. క్లార్కెన్‌వెల్ గ్రీన్‌లో కార్మికుల సభలు జరుగుట తరతరముల వాడుక. అట్టివారి ముంగిటికి, గుజరాతీ మాతృభాషగా గల అరువదియారేండ్ల పారసీక వృద్ధుడు, తన మతమువారి ఓట్లను నమ్ముకొను వీలే లేనిచోట, ఓటడుగ వచ్చినప్పుడు, భారతదేశపు దారిద్ర్యమును మాత్రమే వినిపించి ఊరకుండక, ఎనిమిది గంటల పనిదినమును, స్త్రీలకు ఓటుహక్కును, ఐర్లండునకు స్వపరిపాలనమును, లండను పురపాలనమున సంస్కరణములను తన సొంత వాదములుగా చేసికొనెను. ఇది ఓట్లకొరకు వేసిన వేషమని తలచువారు కలరు. నేనట్లు తలపను. ఒక దేశపు సంపదను మరియొక దేశము ఏటేట ఎట్లు పీల్చుకొనుచున్నదో లెక్కలు కట్టి చూపిన మనుష్యునికి, యజమాని కూలివాని ప్రొద్దును ఎట్లు పీల్చుకొనునో అర్థము కాకపోవుట అసంభవము.

తన మతగ్రంథమైన అవెస్తాను చేతబట్టి ప్రమాణము చేసి సభలో అడుగిడిన నాటినుండి ఆయనకు నియోజకవర్గములు రెండైనవి: ఓటువేసిన ఫిన్స్‌బరీ ఒకటి, ఓటువేయు హక్కే లేని భారతదేశము, 1891 జనగణనము ప్రకారము 28 కోట్లకు మించిన ప్రజలతో, రెండవది. మొదటిదాని కాలువను రెండవదాని కరవును ఒకే సంచిలో మోయుట సామాన్యమైన పని కాదు. ఆయన ఉత్తరములకు జవాబు వ్రాయుటలోను కాగితములు భద్రపరచుటలోను పరమ నిష్ఠాపరుడు. ఆయన దాచిన పత్రములు సుమారు 30,000 నేటికిని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున నున్నవి. గొప్ప ప్రసంగములు చేయువారు మనకు కొరతలేదు. వచ్చిన ప్రతి కాగితమునకును విలువ యిచ్చు నాయకులు ఎందరు?

ఆయన సభలో నుండగా, సివిలు సర్వీసు పరీక్షలు ఇంగ్లండునందును భారతదేశమునందును ఏకకాలమున జరుపవలెనను తీర్మానము 1893లో కామన్స్ సభలో నెగ్గినది. ప్రభుత్వము దానిని తీసి మూలనుంచినది. మన దేశమున ఆ పరీక్ష మొదటిసారి జరిగినది 1922లో. దాదాభాయి 1895లో ఓడిపోయెను. భారతదేశమును గూర్చి అతిగా మాటలాడి ఫిన్స్‌బరీని మరచెనని కొందరు చెప్పు కారణము నాకు రుచింపదు. ఆ సంవత్సరము దేశమంతట లిబరల్ పార్టీ కూలినది; ఐదు ఓట్ల ఆధిక్యముతో గెలిచినవాడు ఎదురుగాలిలో నిలుచుట కల్ల.

అదే ఎన్నికలో, లండను తూర్పు భాగమున చేతిపనులవారి పేటయైన బెత్నల్ గ్రీన్‌లో, మంచెర్జీ భావనగరీ అను మరియొక పారసీకుడు కన్సర్వేటివు అభ్యర్థిగా నిలిచి, జార్జి హోవెల్ అను పేరుమోసిన కార్మికనాయకుని ఓడించి, 1906 వరకు సభలో నుండెను. కాంగ్రెసువారు ఆయనను ప్రభువులకు తలయూపువాడని ఎగతాళి చేసిరి; దక్షిణాఫ్రికాలోని భారతీయుల కష్టములను ఆయన సభలో పట్టుదలతో లేవనెత్తెననుటయు సత్యమే. ఆయనను ఇంతటితో విడిచెదను. నా మనస్సు మూడవవాని మీద నున్నది.

షాపూర్జీ సక్లత్‌వాలా 1874లో బొంబాయిలో పుట్టెను. టాటా సంస్థల స్థాపకుడైన జంషెట్జీకి మేనల్లుడు. ప్లేగు ప్రబలిన రోజులలో టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ దొరకు తోడుగా బొంబాయి బీదల వాడలలో తిరిగెను. మేనమామగారి ఉక్కు కర్మాగారమునకై ఖనిజములు వెదకుచు అడవులలో మలేరియా తగిలించుకొని, 1905లో చికిత్సకు ఇంగ్లండు చేరి, అక్కడ సాలీ మార్ష్ అను పరిచారికను పెండ్లాడి, కోటీశ్వరుల బంధుత్వమును వెంటబెట్టుకొనియే కార్మికుల పక్షమున చేరెను. 1921లో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన ఆయనను, మరుసటి యేట, లేబరు పార్టీ ఆమోదముతో, లండనులోని ఉత్తర బాటర్సీ ప్రజలు పార్లమెంటుకు పంపిరి.

బాటర్సీ థేమ్స్ నదికి దక్షిణపు గట్టున రైలు యార్డులు, గ్యాసు కర్మాగారము, కొవ్వొత్తుల కర్మాగారము కలిగి, పొగతోను శ్రమతోను నిండిన పేట. ఐరిష్ కుటుంబములు అక్కడ విస్తారము. పురపాలకసంఘము కంట్రాక్టరుల చేతికీయక తన కూలీలతోనే లాచ్‌మియర్ ఇండ్లను కట్టించినది కూడ ఆ పేటలోనే, 1903లో. సక్లత్‌వాలాకు ఎన్నికల ఏజెంటుగా పనిచేసిన జాన్ ఆర్చర్‌ను చూచినచో ఆ పేట స్వభావము బోధపడును. బార్బడోస్ దీవికి చెందిన తండ్రికిని ఐరిష్ తల్లికిని లివర్‌పూల్‌లో జన్మించి, ఛాయాచిత్రములు తీయుచు జీవనము సాగించి, 1913లోనే బాటర్సీకి మేయరైన నల్లజాతివాడు ఆయన. ఏ గుమ్మములో ఎవ్వరు పనిలేక కూర్చున్నారో, ఏ యింటి అద్దె ఎన్ని వారములు నిలిచిపోయెనో తెలిసిన ఏజెంటు చేతిలో నుండుటకన్న అభ్యర్థికి వేరు భాగ్యము లేదు. అభ్యర్థి కంఠము, ఏజెంటు కాళ్ళు: ఆ జోడుకు బాటర్సీ తలవంచినది.

ఎన్నికైన కొలదిదినములకే సక్లత్‌వాలా ఐరిష్ ఫ్రీ స్టేట్ రాజ్యాంగమును గూర్చిన బిల్లును ఎదిరించి మాటలాడెను. 1923లో 186 ఓట్ల తేడాతో ఓడి, మరుసటి యేట కమ్యూనిస్టు అభ్యర్థిగానే నిలిచి 542 ఓట్ల ఆధిక్యముతో తిరిగి గెలిచెను. 1926 మే దినమున, సార్వత్రిక సమ్మె ముంగిట, హైడ్ పార్కులో నిలిచి, కార్మికులపై కాల్పులు జరుపవద్దని సైనికులకు చెప్పినందుకు పట్టుబడి, సత్ప్రవర్తనకు పూచీ ఇయ్య నిరాకరించి, రెండు నెలలు వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైలులో గడపెను. 1927 ఆరంభమున భారతదేశమునకు వచ్చి, ఖాదీని, మహాత్మా యను బిరుదును, పాదాభివందనములను గూర్చి గాంధీజీతో బాహాటముగా వాదించెను. గాంధీజీ ఆయనను కామ్రేడ్ అనియే సంబోధించి ‘యంగ్ ఇండియా’లో జవాబు వ్రాసెను. తిరిగి పోయిన పిదప ఆయన మరల ఈ దేశమున అడుగుపెట్టకుండ ప్రభుత్వము తలుపులు మూసెను. అదే సంవత్సరము తన బిడ్డలకు పారసీక సంప్రదాయానుసారము నవ్‌జోత్ అను మతదీక్షా సంస్కారము జరిపించినందుకు కమ్యూనిస్టు పార్టీయే ఆయనను మందలించెను. ఆయనను ఒక గూటిలో కూర్చుండబెట్ట జూచినవారెల్లరు భంగపడిరి. నాకు ఆయనపై గల మక్కువకు సగము కారణమిదియే.

కాని విద్య మాట వచ్చినప్పుడు మక్కువను పక్కన నుంచి చెప్పవలెను. కమ్యూనిస్టులను వెలివేయుటకు ఒప్పుకొననందుకు బాటర్సీ స్థానిక లేబరు శాఖ 1926లో మాతృపార్టీనుండి తెగినది. అధిష్ఠానము అక్కడ వేరొక శాఖను నెలకొల్పగా జాన్ ఆర్చర్ అందు చేరెను. 1928 పిమ్మట అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ ఆదేశము మారి, లేబరువారును శత్రువులేయని ప్రకటించుట విధియైనది. తన బల్లపై టీ త్రాగినవానిని, తన కొరకు మెట్లెక్కి దిగినవానిని శత్రువని పిలువవలసిన స్థితికి సక్లత్‌వాలా వచ్చెను. ఊరూరను సభలకు పరుగిడు మనుష్యుడగుటచే పేటలో ఆయన కాలూనిన రోజులును తక్కువ. 1929లో ఆర్చర్ లేబరు అభ్యర్థికి ఏజెంటుగా నిలిచెను, లేబరు గెలిచినది, సక్లత్‌వాలా మూడవ స్థానమునకు దిగెను. దాదాభాయిని ఓడించినది దేశపు గాలి. సక్లత్‌వాలాను ఓడించినది పేటతో తెగిన బంధము. ఈ రెండు ఓటములను ఒకే గాటకట్టుట అన్యాయము.

అటుపిమ్మట 1987లో డయాన్ అబోట్, బెర్నీ గ్రాంట్, పాల్ బోటెంగ్, కీత్ వాజ్ సభలో ప్రవేశించువరకు, అనగా ఏబదియెనిమిదేండ్లకు పైగా, పార్టీలు శ్వేతజాతేతరులకు గెలుపు స్థానములిచ్చుటకు జంకుచునే యుండినవి. హాక్నీ పేటనుండి నాడు ఎన్నికైన అబోట్ 2024లో కామన్స్ సభలో మహిళా సభ్యులందు అత్యంత చిరకాల సభ్యురాలైనది.

ఇక నేను కన్నులార చూచినది కొంత చెప్పెదను. హైదరాబాదు నడిపేటలలో, బేగంబజారు మార్వాడీ దుకాణములును, సుల్తాన్ బజారు మరాఠీ కుటుంబములును, గౌలిగూడ తెలుగువారును, అడుగడుగున ఉర్దూ మాటలాడు పనివారును కలిసియుండు ప్రాంతమున, ఒక శాసనసభ్యుని వరండాలో యౌవనమున కొంతకాలము అర్జీలు వ్రాసిపెట్టితిని. పేరు చెప్పుట ఆయనకు నచ్చెడిది కాదు గనుక చెప్పను. తెల్లవారక మునుపే వరండా నిండెడిది. ముసలమ్మ వచ్చినచో “ఏమమ్మా, పింఛను రాలేదా?” అనెడివాడు, టోపీ పెట్టిన దర్జీ వచ్చినచో “క్యా హోనా, చాచా?” అనెడివాడు, మరాఠీ పంతులమ్మ వచ్చినచో లేచి నిలిచి “యా, బాయీ” అనెడివాడు. ఆయనకు ఏ భాషయు చక్కగా రాదు, అన్నిటను తప్పులే. ఆ తప్పులకు వారు నవ్వెడివారు, నవ్విన పిదప నిజము చెప్పెడివారు.

సిఫారసు చీటీల విషయమున ఆయన పరమలోభి. అడిగినవారికెల్ల చీటీ వ్రాయు నాయకుని సంతకము ఏడాది తిరుగకమునుపే ఆఫీసులో చిత్తుకాగితమగునని ఆయనకు తెలియును. అందుచేత చాలమందికి చీటీ యియ్యక, నన్నో మరియొకనినో వెంట పంపి, ఏ బల్లయొద్ద కాగితము ఆగెనో కనుగొని రమ్మనెడివాడు. పదింట తొమ్మిదింట కాగితము ఆగిన కారణము ఒక జిరాక్సు ప్రతి లేకపోవుటయో, పేరులో ఒక అక్షరము తేడాయో అయి యుండెడిది. రెండు పండుగల ఊరేగింపులు ఒకే దినమున ఒకే వీథిలో పడినప్పుడు, ఎవరి హక్కు పెద్దదో తేల్చుటకు ఆయన ఎన్నడును పూనుకొనలేదు. ఇరువైపుల పెద్దలను వేర్వేరుగా పిలిచి, గడియారము మాత్రమే మాటలాడెడివాడు: మీరు మూడింటికి చౌరస్తా దాటుడు, వారు ఐదింటికి వచ్చెదరు, నడుమ రెండు గంటలు వీథిలో నేను నిలుచుందును. నిలుచుండెడివాడు కూడ, ఎండలో, గొడుగు లేక. ఆయన శాసనసభలో చేసిన ప్రసంగము ఒక్కటైనను నాకు జ్ఞప్తికి రాదు. బహుశః ఎవ్వరికిని రాదు. అది ఆయన లోపమే. పేట కష్టమును రాష్ట్రపు ప్రశ్నగా మార్చి సభలో నిలుపుట చేతనైనచో ఆ పేట మురుగుకాలువ ఇన్నేండ్లు అట్లే యుండెడిది కాదు. దాదాభాయి సంచిలోని రెండవ భాగము ఆయనకు లేదు. సక్లత్‌వాలాకు చివరకు మొదటి భాగము జారిపోయినది. రెండును మోసినవాడు నేనెరిగినంతలో ఫిన్స్‌బరీ వృద్ధుడొక్కడే.

పాఠకులకు ఒక మనవి. రానున్న ఎన్నికలలో మీ వీథికి వచ్చు అభ్యర్థిని, ఏ ఊరివాడు, ఏ కులమువాడు అని విచారించుటకు మునుపు, గెలిచిన పిదప వారములో ఏ దినమున, ఏ వేళ, ఏ గుమ్మమున దొరకునో అడుగుడు. మన కాలువను గూర్చి సభలో అడుగబోవు మొదటి ప్రశ్న ఏదో అదియు అడుగుడు. రెండు జవాబులను ఆయన చేతనే కాగితముపై వ్రాయించి, సంతకము చేయించుకొని, భద్రముగా దాచుకొనుడు.