దర్శకుని తొలి వృత్తి

1930, 1940 దశకాలలో మన దేశపు స్టూడియోలలో పేరు పొందిన చలనచిత్ర దర్శకులను గూర్చి విచారించినప్పుడు ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. వారిలో పెక్కుమంది దర్శకత్వాన్ని ఒక ప్రత్యేక విద్యగా అభ్యసించినవారు కారు. మొదట వేరొక పనిలో చేయి తిరిగి, ఆ పని మార్గాననే దర్శకత్వంలో ప్రవేశించినవారు. ఒకరు నాటకాల తెరలకు రంగులు వేసినవారు. ఒకరు కెమెరా వద్ద సహాయకులుగా నిలిచినవారు. మరొకరు కార్యాలయంలో లెక్కలు వ్రాసినవారు. ఈ తొలి వృత్తి వారి జీవితచరిత్రలో ఒక విశేషం మాత్రమే కాదు. వారి కళాదృష్టికి అది మూలం.

కొల్హాపూరు బాబూరావు పేరు చివర ఉన్న 'పెయింటర్' అనే మాట ఇంటిపేరు కాదు. చేసిన పనిని బట్టి లోకం ఇచ్చిన పేరు. రంగస్థలపు తెరలు చిత్రించిన ఆయన కెమెరాను సైతం స్వయంగా అమర్చుకొని, మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీని నెలకొల్పినారు. అక్కడ శిష్యుడనగా చేతికందిన ప్రతి పనీ చేయవలసినవాడు. వి. శాంతారాం అట్టి శిష్యులలో ఒకరు. ఆయన అక్కడ పని నేర్చి, వేషాలు కట్టి, 1925 నాటి 'సావ్‌కారీ పాశ్'లో యువ రైతు పాత్ర ధరించి, 1927లో 'నేతాజీ పాల్కర్'తో దర్శకులైనారు. 1929లో ఆయనతో కలసి ప్రభాత్ సంస్థను స్థాపించిన దామ్లే, ఫత్తేలాల్‌లు కూడ ఆ బడిలోనివారే. ప్రభాత్‌లో దామ్లే శబ్దగ్రహణాన్ని, ఫత్తేలాల్ కళావిభాగాన్ని చూచేవారు. వారిరువురు కలసి దర్శకత్వం వహించిన 'సంత్ తుకారాం' (1936) మరుసటి సంవత్సరం వెనిస్ ఉత్సవంలో గౌరవం పొందినది. ఆ చిత్రంలో మహిమలు ఉన్నవి. కాని మహిమ కంటె ముందు మనకు ఒక పేద ఇల్లు కనబడుతుంది, ఒక ఇల్లాలి విసుగు వినబడుతుంది. ఇల్లు కట్టుట తెలిసిన చేయి, గొంతు పట్టుట తెలిసిన చెవి కలసినందువలననే ఆ భక్తికథకు అంత నమ్మకం చేకూరినది.

మన వాహినీ సంస్థలోనూ ఇట్టి ఉదాహరణలే ఉన్నవి. కె. వి. రెడ్డి గారు మొదట డబ్బు లెక్కలు చూచినారు. తరువాత చిత్రనిర్మాణ వ్యవహారాలు నడిపినారు. ఆపైన 'భక్త పోతన'తో దర్శకులైనారు. లెక్కల మనిషికి కళ ఏమి తెలియునని శంకించనక్కరలేదు. రూపాయి ఎక్కడ వృథా అవుతున్నదో తెలిసినవానికి కథలో క్షణం ఎక్కడ వృథా అవుతున్నదో కూడ తెలుస్తుంది. చిత్రీకరణకు ముందే సన్నివేశాల నిడివిని ఆయన గణించుకొనేవారని శిష్యులు చెప్పుకొన్నారు. 'మాయాబజార్' (1957) అంత పెద్ద కథ. అయినను అందులో తొలగించదగిన ఘట్టం వెదకుట కష్టం. ఆ పొదుపు కవిత్వంలోని పొదుపు వంటిదే. ఇక వాహినీ శబ్దవిభాగంలో పని నేర్చిన కె. విశ్వనాథ్ గారు తరువాతి కాలంలో 'శంకరాభరణం' (1980) తీసినారు. వినుటయే జీవితమైన ఒక మనిషి కథను చెప్పుటకు ఆయనకు ఆ తొలి కొలువు తోడ్పడలేదని ఎవరు అనగలరు?

స్టూడియో ఒక కర్మాగారం, అందులో పుట్టినదానికి కర్త లేడు అని సాహిత్యాభిమానులలో ఒక అభిప్రాయం ఉన్నది. దానిని పరీక్షించుటకు శరత్‌చంద్రుని 'దేవదాసు' కంటె మంచి ఆధారం లేదు. 1917లో వెలువడిన ఈ నవలను తెలుగువారు తమ సొంత నవలగా చదువుకొన్నారు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారికి ప్రమథేశ్ బారువా దీనిని వంగభాషలోను, హిందీలోను తీసినారు. హిందీ చిత్రానికి ఛాయాగ్రాహకులు బిమల్ రాయ్. నితిన్ బోస్ వద్ద కెమెరా పని నేర్చినవారు. ఇరువది ఏండ్లకు, 1955లో, అదే కథను ఆయన తామే దర్శకులై బొంబాయిలో మళ్లీ తీసినారు. ఆ చిత్రంలో పల్లకిలో పోవుచున్న పార్వతి, దారిన నడచి వచ్చుచున్న చంద్రముఖి ఒకరినొకరు చూచుకొంటారు. ఒక్క మాట లేదు. నవలలో ఆ ఇరువురికి సమాగమమే లేదు. గ్రంథానికి విధేయత అనే కొలబద్దతో చూచినచో ఇది దోషం. కాని కెమెరా వెనుక ఏండ్ల తరబడి నిలిచి, మాట చేయలేని పని చూపు చేయగలదని తెలిసికొన్నవారు నవలను చదివిన విధం అది.

అంతకు రెండేండ్ల ముందు, 1953లో, తెలుగు 'దేవదాసు'ను వేదాంతం రాఘవయ్య గారు తీసినారు. వారు కూచిపూడి సంప్రదాయంలో పెరిగి, నృత్యదర్శకులుగా చిత్రసీమలో స్థిరపడినవారు. ఆ చిత్రంలో దేవదాసు పతనం నాగేశ్వరరావు గారి వాలిన రెప్పలలో, తూలిన నడకలో, ఆగి ఆగి కదిలిన చేతిలో తెలుస్తుంది. దేహమే భాష అని నేర్చినవారి చేతిలో ఆ నవల దేహం గుండా పలికినది. కథ ఒక్కటే, దుఃఖం ఒక్కటే. చదివిన వృత్తులు వేరు. కర్త లేడన్న మాట ఇక్కడ నిలువదు.

అయితే ఈ శిక్షణకు చెల్లించిన మూల్యాన్ని దాచరాదు. గురువు దయ, బంధుత్వం, పరిచయం లేనివానికి స్టూడియో ద్వారం తెరుచుకొనుట అరుదు. లోపలికి పోయినవాడు గురువు నైపుణ్యంతో పాటు ఆయన అలవాట్లను, సంకోచాలను కూడ నేర్చేవాడు. స్త్రీలకు ఆ మెట్లు దాదాపు లేనేలేవు. పి. భానుమతి గారు 'చండీరాణి' (1953)కి దర్శకత్వం వహించినది సొంత సంస్థ అయిన భరణి ఉండబట్టి. కెమెరా సహాయకురాలిగానో కూర్పరిగానో మొదలుపెట్టి పైకి వచ్చుటకు ఆ నాటి స్త్రీకి దారి ఎక్కడ? ఎందరి తొలి వృత్తి తొలి మెట్టువద్దనే ఆగినదో లెక్క లేదు.

యుద్ధకాలపు ధనప్రవాహం, చిత్రానికొక వేతనం అడుగు తారల పద్ధతి కలసి నెలజీతాల స్టూడియోలను కూల్చినవి. ప్రభాత్ కూడ 1950 దశకంలో మూతపడినది. 1960లో ఆ పూణే ఆవరణలోనే ప్రభుత్వం చలనచిత్ర శిక్షణాలయాన్ని నెలకొల్పినది. గురువు ఇంటి నుండి విద్య బడికి మారినది. ప్రవేశానికి బంధుత్వం బదులు పరీక్ష వచ్చినది. ఇది మేలు. కాని పాత పద్ధతి నేర్పిన ఒక సత్యాన్ని బడి కూడ మరువరాదు: ఇతరుల పనిని తన చేతితో చేసి ఎరిగినవాడే ఇతరుల చేత పని చేయించగలడు. మన నవలల చలనచిత్ర రూపాలను తూచునప్పుడు విమర్శకులు సైతం ఈ సంగతిని గమనింపవలె. చిత్రం గ్రంథాన్ని ఎంత అనుసరించినది అని మాత్రమే అడుగుట చాలదు. ఈ గ్రంథాన్ని చదివిన చేయి ఏ పని నేర్చిన చేయి అని కూడ అడుగవలె.