ముందు స్లాబు, తర్వాత నీరు, ఆఖరున చేపలు

ఇంట్లో ఆరడుగుల అక్వేరియం పెట్టాలనే కోరిక పుట్టగానే అందరూ చేపల దుకాణానికే వెళ్తారు. సూరత్ నైరుతిన అపార్ట్‌మెంట్లు వరసగా లేచిన ఆల్థాన్ లాంటి పేటలో మాత్రం ముందు కలవాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరునే.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకు తీసుకుందాం. అంచుదాకా నింపితే 680 లీటర్లు, అంటే 680 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దాలు మరో 120 కిలోలు. రెండంగుళాల మందాన ఇసుక పరిస్తే 90 కిలోలు. రాళ్లు, ఇనుప స్టాండు, కింద సంపు అనే ఫిల్టరు తొట్టి కలిస్తే బరువు టన్ను దాటుతుంది. ఇళ్లలో గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలని మన ఐఎస్ 875 ప్రమాణం చెబుతుంది. ఈ ట్యాంకు ఆక్రమించే చోటేమో చదరపు మీటరు కంటే కొంచెమే ఎక్కువ. పైగా పెళ్లికి వచ్చిన చుట్టాల్లా సాయంత్రానికి వెళ్లిపోయే బరువు కాదిది. అందుకే గది నడుమ వద్దు, బాల్కనీ అసలే వద్దు. కింద బీము ఉన్న గోడ పక్కన, పిల్లరుకు దగ్గరగా పెట్టాలి. బిల్డరు దగ్గర డ్రాయింగు తీసుకుని ఇంజనీరుకు చూపించడానికి అయ్యే ఖర్చు ట్యాంకు ఖర్చులో ఏ మూలకూ రాదు.

అద్దం మందం నిర్ణయించేటప్పుడు ముందు చూడాల్సింది ఎత్తు. రెండడుగుల నీరు ముందు అద్దాన్ని దాదాపు 340 కిలోల బలంతో బయటికి తోస్తుంది. ఎత్తు రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. అందుకని ఎత్తు పెంచడం కంటే వెడల్పు పెంచడం మేలని నా అభిప్రాయం. చేపకు ఈదే చోటూ, గాలి తగిలే నీటి ఉపరితలమూ పెరుగుతాయి. ఎత్తు వద్దనడానికి మరో కారణమూ ఉంది: 2001 జనవరి 26న భుజ్ భూకంపం సూరత్‌నూ కుదిపింది. సన్నగా, ఎత్తుగా ఉన్న ట్యాంకు అలాంటి కుదుపుకు తట్టుకోలేదు. స్టాండును గోడకు బిగించడం మరవకూడదు.

అసలు పనితనమంతా అతుకులో ఉంది. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికానే సరైనది. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం రకం చేపలకు విషం. అద్దాల అంచులు అసిటోన్‌తో తుడిచాక వేలిముద్ర కూడా పడకూడదు. అద్దాన్ని మరీ గట్టిగా అదిమితే సిలికాన్ అంతా బయటికొచ్చి అతుకు పలచబడుతుంది. అద్దానికీ అద్దానికీ మధ్య పలుచని పొర మిగలాలి. ఒక అంచుకు పూసిన వరస మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో ముగించాలి, ఎందుకంటే ఆరిన సిలికాన్‌కు కొత్తది సరిగా అంటుకోదు. కారుతున్న చోట పైపైన పూత పూసేవాళ్లను నమ్మకండి. పాతదంతా గీకి తీయాల్సిందే. గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడే పదార్థమిది, కనుక వారం ఆగి, ఇంట్లోకి తేకముందే నీళ్లు నింపి రెండు మూడు రోజులు చూడాలి. గొట్టాలకు రంధ్రాలు కావాలంటే ముందే చెప్పాలి. టఫెన్డ్ అద్దానికి తర్వాత రంధ్రం వేస్తే ముక్కలైపోతుంది.

కింద సంపు పెడితే కరెంటు పోయిన క్షణం గురించి ఆలోచించాలి. ఈ కొలతల ట్యాంకులో అంగుళం నీరంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు, 28 లీటర్లు. పంపు ఆగితే పైనుంచి రెండంగుళాలు దిగినా 56 లీటర్లు సంపులోకి వస్తాయి. అంత ఖాళీ లేకపోతే నీళ్లు నేల మీదికి, అక్కణ్ణుంచి కింది ఫ్లాటులోకి వెళ్తాయి. సంపు నుంచి నీటిని ట్యాంకులోకి పంపే తిరుగు గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న రంధ్రం పెడితే గాలి చొరబడి వెనక్కి లాగడం ఆగుతుంది.

తాపీ నది నుంచి వచ్చే కార్పొరేషన్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది పోయేదాకా చేపనూ, ఫిల్టరులో పెరిగే బాక్టీరియానూ దింపకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సైన్యం తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఖాళీ ట్యాంకును చూస్తూ ఓపిక పట్టగలిగినవాళ్లే ఈ విద్యలో నిలుస్తారు. నా దృష్టిలో దీని విలువ అక్కడే ఉంది. కంటికి కనిపించని ప్రాణుల లెక్క ప్రకారం ఇంట్లో ఒక పని నడవడం పిల్లలు చూస్తారు. బోరు నీరు వాడితే కాఠిన్యం కొలిపించి, ఆ నీటికి సరిపడే చేపనే ఎంచుకోవాలి. నీరు కఠినమైతే మలావీ సరస్సు సిక్లిడ్ చేపలు హాయిగా ఉంటాయి, డిస్కస్ చేప బాధపడుతుంది.

కొనేముందు పాల్ ప్రాంతంలోని జగదీశ్ చంద్రబోస్ అక్వేరియానికి వెళ్లి, పెద్ద ట్యాంకుల్లో పూర్తిగా ఎదిగిన చేపలను చూడండి. దుకాణంలో వేలెడంత ఉండే సక్కర్ చేప అడుగు దాటుతుంది, ఎలిగేటర్ గార్ మనిషంత పెరుగుతుంది. ఇంట్లో పట్టని చేపను తాపీలోకో, పక్కనున్న వాగులోకో వదలకూడదు. అక్వేరియాల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, నదుల్లో పెరిగిపోయి జాలర్ల వలలు చింపుతున్నాయి. కొన్న దుకాణానికే తిరిగివ్వాలి, లేదా చోటున్న మరో అభిరుచిపరునికి అప్పగించాలి.